తిసౌకే జేరే గెలుచుకున్న వెనక గేటు

ఆ రోజు సర్వీసు కౌంటర్ ముందు నిలబడ్డ తిసౌకే జేరే గొంతు పెంచలేదు. గొంతు పెంచినవాళ్లను మా షోరూమ్ వాళ్లు తేలిగ్గా ఓడిస్తారు. రోజుకు పదిమంది వచ్చి అరుస్తారు. కౌంటర్ వెనక పిల్ల ముఖానికి ఒక నవ్వు అతికించుకుని, అరిచేవాళ్ల ఊపిరి అయిపోయేదాకా ఆగి, బిల్లు ముందుకు తోస్తుంది. వాళ్లు కట్టి పోతారు. కార్లు బాగయ్యేదాకా జనం కూర్చునే ఆ గదిలో ఇరవై రెండేళ్లుగా టీ పోస్తున్నాను, నేను చూడని తగువు లేదు.

తిసౌకే బిల్లు అందుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివింది. గాలి ఫిల్టర్ మార్చామని ఉంది, ఫ్యాన్ బెల్ట్ మార్చామని ఉంది. పాతవి ఇవ్వమంది. పారేశామంది ఆ పిల్ల. అయితే కొత్తవి చూపించమంది. కస్టమర్లు వర్క్‌షాపులోకి రాకూడదని గోడమీద బోర్డు చూపించింది ఆ పిల్ల.

అప్పుడు తిసౌకే చేతిసంచి తెరిచి చిన్న సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. పసిపిల్లల నోటిపూతకు రాస్తారే, ఆ ఊదారంగు మందు.

"ముప్పై ఒక్క ఏళ్లు పెద్దాసుపత్రిలో కాన్పులు చేశానమ్మా. ఏ తల్లి బిడ్డ ఏదో కలిసిపోకుండా గుర్తులు పెట్టడం నా పని. నిన్న సాయంత్రం బానెట్ ఎత్తి మీరు మార్చబోయే వాటన్నిటికీ చుక్కలు పెట్టుకొచ్చాను. ఇప్పుడు మీరు బానెట్ ఎత్తితే, ఆ చుక్కలు పోయుంటే, నేను మోకాళ్ల మీద కూర్చుని క్షమించమంటాను. ఉంటే ఏం చేస్తారో మీ మేనేజర్ని వచ్చి చెప్పమను."

మేనేజర్ వచ్చాడు. కూర్చున్నవాళ్లంతా నేను పోసిన టీ కప్పులు చేతుల్లో పట్టుకునే కారు చుట్టూ మూగారు. బానెట్ ఎత్తారు. ఫిల్టర్ మీద ఒకటి, బెల్ట్ మీద ఒకటి, ఊదారంగు చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వెనక నిలబడ్డ మెకానిక్కుల్లోంచి ఒకడు పకపకా నవ్వాడు. అతని పేరు కబాసో. ఏ చిన్న తమాషాకైనా అందరికంటే ముందు నవ్వే మనిషి. ఆ కారు మీద పనిచేసింది అతను కాదు.

బిల్లు కొట్టేస్తానని, ఈసారి సర్వీసు ఊరికే చేయిస్తానని మేనేజర్ అన్నాడు. ఆమెకు అది చాలలేదు. తను ఇకమీదట కౌంటర్ దగ్గరికి రానంది. వర్క్‌షాపు వెనక గేటులోంచి వస్తుంది, కారు పక్కనే నిలబడి పని చూసుకుంటుంది, వెనక గేటులోంచే పోతుంది. పని చేసేవాణ్ని కూడా తనే ఎంచుకుంటుంది. అంతమంది ముందు మేనేజర్ కాదనలేకపోయాడు. ఎవరు కావాలో చెప్పమన్నాడు.

ఆమె కబాసోను చూపించింది. "అదుగో, ఆ నవ్వినవాడు. తనవాళ్ల తప్పు బయటపడితే నవ్వగలిగినవాడు దొంగ కాడు."

ఆ గెలుపు గురించి ఎండోలా ఊళ్లో ఆర్నెల్లు చెప్పుకున్నారు. నేనే ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు మాత్రం, ఆమె ఆ రోజు ఓడిపోయి, నోరు మూసుకుని బిల్లు కట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఆ వెనక గేటు తెరుచుకోకపోతే ఆమె మొగుడు లామెక్ ఈ రోజు బతికుండేవాడు. చెయ్యని తప్పుకు కబాసో పని పోగొట్టుకునేవాడు కాదు.

తిసౌకే తూర్పు నుంచి వచ్చింది, చిపాటా వైపు. న్గోనీ తెగ మనిషి. నేను బెంబా తెగ మనిషిని. మా ముత్తాతలు ఈటెలతో పొడుచుకున్నారు కాబట్టి మేం నోటితో పొడుచుకుంటాం. న్గోనీకీ బెంబాకీ మధ్య ఉన్నది పరాచికాల వరస. ఆ వరసలో ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే తప్పు. మేం వాళ్లను ఎలుకలు తినేవాళ్లంటాం, వాళ్లు మమ్మల్ని కోతులు తినేవాళ్లంటారు. చావు జరిగితే గొయ్యి తవ్వించడం, వంట చూడడం ఆ వరసవాళ్ల పనే, అందుకు వాళ్లకు ఒక కోడి ఇస్తారు. పోయినవాళ్లు ఎలా నడిచేవాళ్లో, ఎలా తినేవాళ్లో శవం పక్కనే నటించి, ఏడ్చేవాళ్లను నవ్వించాలి, తాము మాత్రం ఏడవకూడదు. ఆ సమయంలో వరసవాళ్ల నోరు మూయించే హక్కు పాస్టరుకు కూడా లేదు.

కబాసో కూడా బెంబావాడే. కానీ వయసులో చిన్నవాడు, ఆమె ముందు నోరు పెగిలేది కాదు. అందుకని వాళ్లిద్దరి మధ్యా మాటలు నేనే మోసేదాన్ని.

మొదటిసారి టీ ఇచ్చినప్పుడే ఆమె తూర్పు యాస పట్టేశాను. పంచదార వెయ్యమంటారా, ఎండబెట్టిన ఎలుక ముంచుకుంటారా అని అడిగాను. ఆమె కప్పు అందుకుని, "నువ్వు కోతిమాంసం తిన్న చేత్తో కలిపావుగా వదినా, వేరే రుచి ఎందుకులే," అంది. ఆ రోజు నుంచి పదకొండేళ్లు ఆమె నాకు వదిన, నేను ఆమెకు వదిన. ఒకళ్ల పేరు ఒకళ్లం పిలిచిందే లేదు. నా పేరు ఆమెకు తెలుసో లేదో కూడా చెప్పలేను. మిగతావాళ్లకు నేను బానా ముటాలేని, ముటాలే తల్లిని.

ఆమె కౌంటర్ దగ్గరికి రావడం మానేసినా టీ కోసం మా గదిలోకి వచ్చేది. నలభై దాటని మగవాడు కనిపిస్తే చాలు, నీ పిర్ర మీద మొట్టమొదటి దెబ్బ నాదే అయ్యుంటుందనేది. కాదని ఎవరు రుజువు చేస్తారు. లాయర్లు, గని ఇంజనీర్లు, ఒకసారి ఒక బిషప్ కూడా ఆ మాటకు తల దించుకున్నారు. పదవీవిరమణ డబ్బు చేతికొచ్చిన నెలలోనే ఆ తెల్ల కారు కొంది. యాభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. ఆసుపత్రికి రాలేక దారిలో పోయిన తల్లులను తను చాలామందిని చూసిందట. సొంత కారుంటే అర్ధగంటలో వచ్చేసేవాళ్లు అని ప్రతిసారీ అనుకునేదట. అందుకని ఆ కారు ఆమెకు షోకు కాదు. దాన్ని ఎవరైనా పాడుచేస్తే ఆమెకు ఒళ్లు మండేది.

లామెక్ స్కూలు హెడ్‌మాస్టరు చేసి దిగిపోయిన మనిషి. కారంటే భయం. టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని, తలుపు పైన ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు. కారు మా గేటు ముందు ఆగి ఇంజను ఆపేసినా ఆ పిడి వదిలేవాడు కాదు. బావా, కారు ఆగి చాలాసేపైంది అని నేను అద్దం మీద కొడితే, "ఆగిందని నువ్వు చెబితే నమ్మాలా మరదలా, బెంబావాళ్ల మాట మీద ఎవరైనా దిగుతారా," అనేవాడు. టీలో నాలుగు చెంచాల పంచదార. చెంచాతో కప్పును ఎంతసేపు కొట్టేవాడంటే, బడి గంట కొట్టినట్టు ఉండేది. ఇది బావ చావులో నటించి చూపించాలని నేను ఎప్పుడో దాచుకున్నాను. ఆ మాట అతనితోనే చెప్పాను కూడా. గంట సరిగ్గా కొట్టు, నా పరువు తియ్యకు అన్నాడు.

పోయిన నవంబరులో, వానలు మొదలైన వారంలో, ఆమె కారు సర్వీసుకు తెచ్చింది. శుక్రవారం. మర్నాడు లువాన్‌ష్యాలో లామెక్ చెల్లెలి మనవరాలికి పెళ్లికి ముందు ఆడవాళ్లు చేసే కిచెన్ పార్టీ. తిసౌకే పెద్దరికం మీద నడవాల్సిన వేడుక. కారు పైకప్పు మీద కొత్త గిన్నెలూ బిందెలూ కట్టుకుని, హారన్ కొట్టుకుంటూ వస్తానని వాళ్లందరికీ మాటిచ్చింది.

కబాసో కారు కిందనుంచి లేచి తిన్నగా నా కెటిల్ దగ్గరికి వచ్చాడు. బ్రేక్ నూనె పోయే గొట్టం ఒకటి లోపల కుళ్లి ఉబ్బిపోయింది, ఎప్పుడైనా పగలొచ్చు అన్నాడు. కొత్తది లుసాకా నుంచి రావాలి, వారం పడుతుంది. కారు ఇక్కడే వదలమంటే ఆమె వినడం లేదు. "నేను చెబితే మీ షాపుకి మళ్లీ డబ్బు ఆకలేస్తోందా అంటోందమ్మా. నీ మాటైతే వింటుంది. నువ్వు సరిగ్గా చెప్పు."

సరిగ్గా చెప్పు అన్నాడు. ఆ మాట అన్నాడు. నాకు బాగా గుర్తుంది.

ఆమె లామెక్‌తో కలిసి టీకి లోపలికి వచ్చింది. కబాసో తలుపు దగ్గరే ఆగాడు. గదినిండా జనం. నేను కెటిల్ పట్టుకునే ఉన్నాను. అందరూ మా ఇద్దరి వైపు చూస్తున్నారు, ఈ రోజు ఏం అనుకుంటారా అని. ఆ చూపులంటే నాకు ఇష్టం. దాచుకోవడం ఎందుకు. చదువు లేదు, టీ పోసే మనిషిని, ఆ గదిలో నాకున్న గౌరవమంతా నా నోరే. పక్కకు పిలిచి, పేరు పెట్టి పిలిచి, తిసౌకే అని ఒక్కసారి అని, బ్రేకులు పాడయ్యాయి తల్లీ వెళ్లొద్దు అని చెప్పాల్సింది.

నేనేమన్నానో అలాగే చెబుతాను. "ఆ కారేసుకుని వెళ్లు వదినా, వెళ్లు. బ్రేకులు లేవంట. దారిలో చస్తావు, మా బావని కూడా చంపుకుంటావు. ఎలుకలు తినేవాళ్లకి ఎంత శవపెట్టె కావాలిలే, చెప్పులడబ్బా ఒకటి చూసి ఉంచుతా."

గది గదంతా నవ్వింది. లామెక్ కూడా నవ్వాడు, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని. ఆమె కప్పు ఖాళీ చేసి నా చేతిలో పెట్టింది. "నా చావుకింద నీకొచ్చే కోడి మీద ఎంత ఆశే వదినా నీకు. ఇంకో పదేళ్లు ఆగు, కోడి కూడా బాగా ముదురుతుంది."

మళ్లీ నవ్వారు. ఆమె వెనక గేటు వైపు నడిచింది.

కౌంటర్ దగ్గరికి వచ్చి ఉంటే, ఆ పిల్ల ఒక కాగితం తోసేది. చెయ్యమన్న పని చేయించుకోకుండా నా ఇష్టంతో తీసుకెళుతున్నాను అని సంతకం పెట్టించుకునే కాగితం. అది చదివితే కొందరు ఆగిపోతారు. ఆగిపోయినవాళ్లను చూశాను. తిసౌకే ప్రతి వరసా వేలు పెట్టి చదివే మనిషి. కానీ వెనక గేటు దగ్గర కౌంటరూ లేదు, కాగితమూ లేదు. కాపలావాడు ఆమెకు సలాం కొట్టి గేటు తీశాడు.

లువాన్‌ష్యా రోడ్డు దిగుడులో రాగి పలకల లారీ ఒకటి ముందు ఆగింది. ఆమె కాలు పెడితే పెడల్ అడుగుకంటా దిగిపోయింది. స్టీరింగ్ తిప్పింది. దెబ్బంతా ఎడమవైపు పడింది, లామెక్ కూర్చున్న వైపు. రోడ్డుమీద గిన్నెలు చాలా దూరం దొర్లాయట. లామెక్ చేతిని ఆ పిడి నుంచి విడిపించడానికి ఇద్దరు మనుషులు పట్టారట. ఈ మాటలు నాకు కాపలావాడు చెప్పాడు, మా గేటు దగ్గర. నేను కెటిల్ కింద పెట్టి నేలమీద కూర్చున్నాను.

చావింటికి బెంబావాళ్లం ఆరుగురం వెళ్లాం. తిసౌకే ఆసుపత్రిలోనే ఉంది, తుంటి ఎముక విరిగి. న్గోనీ ఆడవాళ్లు ఏడ్చి ఏడ్చి గొంతులు పోయి, మమ్మల్ని చూసి కాస్త కదిలారు. వరసవాళ్లు వచ్చారు, ఇక కాసేపు ఊపిరి తీసుకోవచ్చు అన్నట్టు. అందరూ నావైపే చూశారు. నేను పెట్టె పక్కన నిలబడి ఒక కప్పు, ఒక చెంచా అడిగి తీసుకున్నాను. గంట కొట్టాలి. చెంచా ఎత్తాను. ఎత్తిన చెయ్యి దిగలేదు. కప్పు పట్టుకునే కూలబడి, సొంత అన్న పోయినట్టు ఏడ్చాను. ఒక ముసలామె నా భుజం తట్టి, "ఏమ్మా, నువ్వు చుట్టానివా?" అని అడిగింది. బెంబా పుట్టుక పుట్టి అంతకంటే సిగ్గు నాకు ఇంకోటి లేదు.

ఆ వారంలోనే వాళ్ల కొడుకు లాక్సన్ షోరూముకు వచ్చాడు. బ్రేకులు లేని కారును ఎలా బయటికి పంపారు అని అడిగాడు. మేనేజర్ సంతకం కాగితం కోసం వెతికించాడు. లేదు. కాగితం లేకపోతే తప్పు పనిచేసినవాడి నెత్తినే పడుతుంది. విచారణ అయ్యేదాకా రావద్దని కబాసోను పంపేశారు. లాక్సన్ లాయరు అంతటితో ఆగేలా లేడు, కేసు పెడతానంటున్నాడు.

నేను మేనేజర్ గదిలోకి వెళ్లాను, ఇరవై రెండేళ్లలో మొదటిసారి ట్రే లేకుండా. ఆమెకు చెప్పాం, నేనే చెప్పాను అన్నాను. ఏమని చెప్పావన్నాడు. చెప్పాను. ఆయన, "అమ్మా, నువ్వామెతో చెప్పులడబ్బా మాట ఎన్నిసార్లు అన్నావు ఇప్పటిదాకా?" అని అడిగాడు. ప్రతిసారీ అన్నాను. టైరు మార్చడానికి వచ్చినా అన్నాను. పైగా కబాసో మీవాడేగా అన్నాడు.

లాక్సన్‌కు కూడా చెప్పాను. అతను పెద్దలంటే మర్యాద తెలిసినవాడు, అరవలేదు. "అత్తా, అది పరాచికం. పరాచికాన్ని సాక్ష్యమంటావా," అన్నాడు.

కబాసో ఇప్పుడు చిఫుబు బజారులో పెళ్లాం పక్కన కూర్చుని టమాటాలు కుప్పలు పెడుతున్నాడు. మొన్న చూశాను. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండే నల్లటి నూనె పోయి, గోళ్లు గుమాస్తా గోళ్లలా తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి చేతులు టమాటాల కింద పెట్టుకున్నాడు. నేను ఏదో తమాషా మాట అన్నాను. అతను నవ్వలేదు.

ప్రమాదం జరిగిన ఆరో వారంలో తిసౌకే కబురు పెట్టింది. ఇంటికి తెచ్చారు ఆమెను. వంటింటి పక్క గదిలో చాప మీద పరుపు వేసి పడుకోబెట్టారు. కాలు కదలదు. తలకు నల్లగుడ్డ. బల్లకింద పాత బ్రేక్ ప్యాడ్లు, బెల్టులు, ఫిల్టర్లు అట్టపెట్టెల్లో పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా ఊదా చుక్కలు. పక్కనే లామెక్ టోపీ.

వదినా అని పిలిచాను. ఆమె తల తిప్పింది. ముఖంలో ఎముకలే మిగిలాయి. ఎలుకల్లేక చిక్కిపోయావా అనాలి నేను, వరస ప్రకారం. కళ్లు తుడుచుకున్నాను.

"ఏడుస్తావని చెప్పార్లే," అంది ఆమె. "మా ఆయన దగ్గర ఏడ్చావంట. సిగ్గులేదా నీకు. పదకొండేళ్లు ఆశపెట్టావు ఆయన్ని."

కూర్చున్నాను. ఆమె పైకప్పు కేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. లాక్సన్‌కు రెండుసార్లు చెప్పిందట, తప్పు తనదేనని. రెండుసార్లూ మాత్ర ఇచ్చి నిద్రపుచ్చాడట. షోరూముకు ఉత్తరం రాస్తే, అమ్మ దుఃఖంలో ఏం రాస్తోందో ఆమెకే తెలియదని చింపేశాడట. కొడుకు చెడ్డవాడు కాదు వదినా అంది. నాన్నని చంపింది అమ్మ అని అనుకోవడం కంటే, ఎవరో మెకానిక్ అనుకోవడం వాడికి సులువు. కానీ ఆ మెకానిక్‌కు నలుగురు పిల్లలు. వాళ్లలో ఇద్దరిని బయటికి లాగింది ఈ చేతులే.

నేను చెప్పేశాను అప్పుడు. నాదే తప్పు, సరిగ్గా చెప్పమంటే నవ్వులాట చేశాను, పేరు పెట్టి పిలిచి ఉంటే ఆగేదానివి.

ఆమె చెయ్యి పైకెత్తింది, చాలు అన్నట్టు.

"నువ్వన్నదానికి అందరూ నవ్వారు. కబాసో తలుపు దగ్గర నిలబడ్డాడు చూడు, వాడు నవ్వలేదు. చీమ చిటుక్కుమన్నా నవ్వేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు నేను ముఖాలు చూసి బతికాను వదినా. కాన్పు గది బయట నిలబడ్డ మనిషి ముఖం చూస్తే, లోపల సంగతి వాడికి అర్థమైందో లేదో చెప్పేదాన్ని. నేను వాడి ముఖం చూశాను. నిజమని తెలిసింది. తెలిసే వాడి చేతిలోంచి తాళాలు తీసుకున్నాను. గిన్నెలతో వస్తానని చెప్పాను కదా వాళ్లకి. ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను."

బయట కోడళ్లు మొక్కజొన్న పిండితో న్షిమా కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

వచ్చే శనివారం లామెక్ పేరున ప్రార్థన. చిపాటా నుంచి పెద్దలు వస్తారు, చర్చివాళ్లు వస్తారు, లాక్సన్ లాయరు కూడా వస్తాడట. విధవ చాపమీద తలదించుకుని కూర్చోవాలి, మాట్లాడకూడదు. మాట్లాడినా దుఃఖమంటారు. ఆ రోజు ఎవరూ నోరు మూయించలేనివాళ్లు ఒక్క వరసవాళ్లే. నలుగురిలో పడ్డ మాటని లాక్సన్ మళ్లీ మింగలేడు అంది.

"నువ్వు రా. నా చితెంగే గుడ్డ నడుముకు చుట్టుకుని రా, కళ్లద్దాలు నేనిస్తాను. మొదట మా ఆయనకి బాకీ పడ్డ గంట కొట్టు. తర్వాత ఒక పళ్లెం పట్టుకో, అదే స్టీరింగు. నువ్వు నాతో ఏమన్నావో అను. నేను నీతో ఏమన్నానో నా గొంతుతో అను, నా నవ్వు నవ్వు. అందర్నీ బాగా నవ్వించు, లాక్సన్ కూడా నవ్వాలి. ఏడ్చావో, నువ్వు చుట్టానివైపోతావు, నీ మాట ఎవరూ వినరు."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. కాన్పుల్లో పట్టేవాళ్ల పట్టు, వదిలించుకోలేం.

"వాళ్లు నవ్వుతూ ఉండగానే తలుపు దగ్గరికెళ్లి నిలబడు. కబాసో ఎలా నిలబడ్డాడో అలా. నవ్వకు. వాళ్ల నవ్వు ఆగేదాకా అలాగే నిలబడు. తర్వాత వెనక్కొచ్చి, నేను వాడి ముఖంలోకి చూసి తాళాలు ఎలా తీసుకున్నానో, అది కూడా చేసి చూపించు."